మా అత్తా, నేనూ, ఆకాశంలో సముద్రమూ

మా ఊరి నుంచి విజయనగరం వంద కిలోమీటర్లు. అంత దూరానికే నేను రెండు చీరలు, రెండు చుడీదార్లు, ఒక దుప్పటి, తలనొప్పి మందు, వాంతులొస్తాయేమోనని నిమ్మకాయలు సర్దుకున్నాను. మా అత్త ఒక్క చేతిసంచితో బయల్దేరింది. అందులో ఏముందో నాకు చెప్పలేదు. చివరికి సినిమాహాలు గేటు దగ్గర అందరికీ తెలిసింది.

అవును, సినిమా కోసమే వెళ్లాను. నవ్వుకోండి. ఊళ్లోవాళ్లు ఆ పని ఎప్పుడో చేసేశారు.

ఎండుచేపల దిబ్బ మీద ఒప్పందం

నా పేరు నూకాలు. పదో తరగతి రెండోసారికి గట్టెక్కాను. మా అత్తవారి ఊరు కళింగపట్నం దగ్గర, సముద్రం ఒడ్డున. మగవాళ్లు వేటకెళ్తారు, ఆడవాళ్లు చేపలు కొని అమ్ముతారు, మిగిలినవి ఎండబెడతారు. ఎండుచేపలు ఏరే దిబ్బ మీద మాకో ఆచారం ఉంది. ఎవరైనా కొత్త సినిమా చూసి వస్తే కూర్చుని మొత్తం చెప్పాలి. చెప్పినంతసేపూ ఆ మనిషి చెయ్యి కదపక్కర్లేదు. ఆమె వాటా చేపలు మిగతావాళ్లు ఏరిపెడతారు. ఈ ఆచారం పుణ్యాన మా ఊళ్లో నా అంత సినిమా జ్ఞానం గలదీ, నా అంత బద్ధకస్తురాలూ ఇంకొకతె లేదు.

ఈ మధ్య ఓ సినిమా వచ్చింది. పేరు ఇంగ్లీషులో ఉంది, నాకు నోరు తిరగదు. వేరే గ్రహం కథ. ఫోన్లో ముక్కలు అందరం చూశాం, ఏమీ అనిపించలేదు. అది అద్దాలు పెట్టుకుని పెద్ద తెర మీద చూడాలట, బొమ్మ మన మీదకే వస్తుందట, ఇలాంటిది ఇంతవరకూ ఎవరూ తీయలేదట. మా ఊరి నుంచి ఎవరూ వెళ్లలేదు. దిబ్బ మీద ఆడవాళ్లందరూ నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను, పెద్ద బాధ్యత మీద పడ్డట్టు.

అసలు బాధ్యత వేరే ఉంది. అది మా అత్త.

మా అత్త అప్పలమ్మ గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, ఆవిడ కన్నే తక్కెడ. ఒడ్డున తెల్లారి చేపల వేలంపాట జరిగేటప్పుడు కాటా ఉండదు. వలలోంచి దులిపిన కుప్పని కంటితో చూసి, ఇది ఇంత ఉంటుంది అని పాట పాడాలి. ఎక్కువ పాడితే మునిగావు, తక్కువ పాడితే ఇంకొకతె తన్నుకుపోతుంది. ముప్పై ఏళ్లుగా మా అత్త చూపు తప్పలేదని పేరు. అలాంటి మనిషికి ఎడమకంట్లో పొర వచ్చింది. ఊళ్లో పెట్టిన కంటి శిబిరంలో డాక్టరమ్మ లైటేసి చూసి, "బాగా ముదిరిపోయింది, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ కష్టమవుతుంది. ఎలాగూ వేట నిషేధం, రెండు నెలలు ఖాళీయే కదా, ఈలోపే చేయించుకో" అంది.

"కొంచెం మసక. అంతే" అంది మా అత్త. ఆ చీటీ మడిచి బియ్యండబ్బాలో పెట్టింది.

మా ఆయన గుజరాత్ బోట్ల మీద పనిచేస్తాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ ఇదే గోల. "నువ్వు ఊరందరికీ కతలు సెప్తావు కదే, మాయమ్మకి ఒక్క మాట సెప్పలేవేటి? ఏట మొదలైతే అది ఎవలి మాటా ఇనదు." అప్పటికే నెల దాటిపోయింది. మళ్లీ వేట మొదలవడానికి ఇంకా మూడు వారాలే.

నేను పెద్ద పథకం వేశాను. అరసవల్లి సూర్యనారాయణమూర్తి దగ్గరికి తీసుకెళ్తానంటే అత్త కాదనదు, కళ్ల మొక్కులన్నీ ఆయనకే కదా. అక్కణ్నుంచి విజయనగరంలో మా అక్క ఇంటికి. అక్కడ సినిమా. మనసు మెత్తబడ్డాక తిరుగు దారిలో శ్రీకాకుళం కంటాసుపత్రి దగ్గర దింపేస్తాను. ఒకే దెబ్బకి దేవుడూ, సినిమా, ఆపరేషనూ. ఇంత తెలివి నాకు పదో తరగతిలో ఎందుకు లేకపోయిందా అనుకున్నాను.

"అరసవల్లి వస్తాను, సినిమాకీ వస్తాను. ఆపరేసన్ మాటెత్తినావంటే ఎక్కడున్న బస్సు అక్కడ దిగిపోతాను" అంది అత్త. పథకం అక్కడే సగం పోయింది.

అరసవల్లి: ఒకటా, జతా?

ఆదివారం కావడంతో గుడి బయట జనం ఉప్పు చేపల్లా ఒకరి మీద ఒకరు. ఆడవాళ్లకి బస్సులో ఆధార్ చూపిస్తే సున్నా టిక్కెట్టు. అత్త ఆ సున్నా టిక్కెట్టు కూడా పారేయకుండా కొంగున ముడేసింది. ఎందుకంటే, "కాగితం ఇచ్చినాక అది మనదే కదా" అంది.

నడిచినంతసేపూ నన్ను తన ఎడమ పక్కనే నడవమంది. నేను కుడి పక్కకి వస్తే మోచేత్తో నెట్టింది. పెద్దరికం అనుకున్నాను. ఓసారి నేను వెనకబడితే, ఎడమ నుంచి ఒక ఆటో ఆవిణ్ని రాసుకుంటూ పోయింది. అత్త ఉలిక్కిపడి ఆటోవాణ్ని ఏడు తరాలు తిట్టింది. వాడు హారన్ కొడుతూనే ఉన్నాడు మరి. నేను జనానికి నవ్వుతూ దణ్ణం పెట్టాను, మా అత్త ఇలాగే అన్నట్టు.

గుడి ముందు ఒక ముసలావిడ పళ్లెంలో వెండి రేకు కళ్లు పెట్టుకుని అమ్ముతోంది.

"ఒకటి కావాలా అమ్మా, జత కావాలా?"

"జతే ఇయ్యి."

"బాగోనిది ఒకటే అయితే ఒకటే ఇచ్చినా సామి తీసుకుంటాడు. తొంబై రూపాయలు కలిసొస్తాది నీకు."

"దేవుడికి ఒంటికన్ను ఇస్తే ఏటనుకుంటాడు? అప్పలమ్మ బేరం ఆడిందనుకోడా? జతే ఇయ్యి. కానీ నూటెనభై అంటే కుదరదు, నూట యాభై."

ముసలావిడ నన్ను చూసింది. "మీ అత్తేనా?"

"అవునండి."

"కష్టం" అంది నాతో, కళ్ల జత కాగితంలో పొట్లం కడుతూ. నూట అరవైకి తెగింది.

లోపల అత్త చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడింది. ఏం అడిగిందో తెలీదు. నేను ఏం అడిగానో చెప్తాను, సిగ్గు లేకుండా: రేపు సినిమాకి మధ్య వరసలో సీట్లు దొరకాలని.

విజయనగరం: అక్కగారి చేప

మా అక్క పైడమ్మ, బావ విజయనగరంలో అద్దెకుంటారు. బావ గడపలోనే వెక్కిరింపు ఎత్తుకున్నాడు. "ఏటి మరదలా, సినిమా కోసం జిల్లా దాటీసినావంట? రేపు సెందమామ మీద హాలు కడితే రాకెట్టెక్కుతావా ఏటి?"

"టిక్కెట్టు నువ్వు కొంటే ఎక్కుతాను బావా."

"కొన్నాను తల్లీ, కొన్నాను. ఫోన్లోనే కొన్నాను. రేపు మద్దేనం ఆట. మధ్య వరస."

చూశారా, దేవుడు నా మాట విన్నాడు.

అక్క మా కోసమని బజారు నుంచి చేప తెచ్చింది. ముక్కలు కోసి, నల్ల సంచిలో కట్టి ఇచ్చారట. మా వైపు అలా ముక్కలు కోసిన చేప కొనేవాళ్లని చూస్తే జాలి పడతాం, పిల్లని చూడకుండా పెళ్లి చేసుకున్నట్టు. అత్త సంచిలో చెయ్యి పెట్టి తలకాయ బయటికి తీసింది. కుడికంటి దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"మూడు రోజుల సేప. కళ్లు సూడు, లోపలికి పోనాయి. ఎవులమ్మినారే నీకు దీన్ని?"

"తెలిసినవాడే అత్తా" అంది అక్క, మొహం చిన్నబుచ్చుకుని.

"తెలిసినోడే కాబట్టి అమ్మినాడు. తెలీనోడు భయపడును."

అయినా ఆ చేపనే చింతపండు దట్టంగా వేసి అత్తే పులుసు పెట్టింది. బావ మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు. అక్క ఉప్పు డబ్బా అందిస్తే అత్త చెయ్యి డబ్బాకి ఇవతలే ఆగి గాలిని పట్టుకుంది. ఇంట్లో కూడా ఇంతే, టీ గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన పోస్తుంది. వయసు అనుకుంటాం. నిజం చెప్పాలంటే, అత్త టీ ఎలా పోస్తుందో దిబ్బ మీద నేను చేసి చూపించేదాన్ని. అందరూ పడి పడి నవ్వేవారు. ఆ రోజుల్లో కూడా నా చేపలు వాళ్లే ఏరేవారు.

కదిలే మెట్లు

బావకి పని, అక్కే మాతో వచ్చింది. హాలు మూడో అంతస్తులో. కింద అద్దాల తలుపు, లోపల కదిలే మెట్లు. అత్త వాటి ముందు నిలబడిపోయింది.

"ఇది ఎక్కడ మొదలవుతాదో, ఎక్కడ ఆగుతాదో నాకు తెలీటం నేదు. నాను మామూలు మెట్లెక్కుతాను."

"అయ్యో అత్తా, ఇందులో ఏముంది? చూడు, ఇలా కాలు పెట్టి ఇలా నిలబడ్డమే" అని చూపించడానికి నేను ఎక్కాను. కాలు బాగానే పెట్టాను. చున్నీ సంగతి మర్చిపోయాను. అది పక్క సందులో ఇరుక్కుంది. మెట్లు పైకి, నా మెడ కిందికి. "ఓలమ్మో!" అని అరిచానట, నాకు గుర్తులేదు, అక్క చెప్పింది. కాపలా కుర్రాడు మీట నొక్కి మెట్లు ఆపి, చున్నీ లాగి ఇచ్చాడు. నూనె మరక ఇప్పటికీ ఉంది. అప్పటికి అత్త పక్కనున్న మామూలు మెట్లెక్కి పైకి చేరి, గోడకి ఆనుకుని నా కోసం చూస్తోంది.

"వచ్చీసినావా?" అంది.

పైన గేటు దగ్గర సంచులు వెతుకుతున్నారు. వెతికే అమ్మాయి అత్త సంచిలో చెయ్యి పెట్టి టక్కున తీసేసింది. "ఏంటమ్మా ఇది, ఈ వాసన?"

"ఏయించిన నెత్తళ్లు, సిన్న సేపలు. ఒంటి గంట ఆట కదా, ఆకలేస్తాదని."

వెనక వరసలో నవ్వులు. నేను ఆ వరసలోదాన్ని కానట్టు పక్కకి తిరిగాను. బయటి తిండి లోపలికి రానివ్వరని అమ్మాయి చెప్పింది. అత్త వాదించలేదు. పొట్లం విప్పి, "అయితే నువ్వు తినమ్మా. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నట్టున్నావు" అంది. అమ్మాయి అటూ ఇటూ చూసి ఒకటి నోట్లో వేసుకుంది. తర్వాత ఇంకోటి. "మాది భోగాపురం దగ్గరమ్మా. ఇవి తిని ఎన్నాళ్లయిందో" అని పొట్లం తన బల్ల సొరుగులో పెట్టుకుంది. లోపల పేలాల డబ్బా మూడు వందల నలభై. అత్త ఆ ధర విని, "ఆ డబ్బుకి రెండు కేజీల కానాగంత సేపలొస్తాయి" అంది. తర్వాత అక్క కొన్న డబ్బాలో సగం ఆవిడే తిన్నది.

ఆకాశంలో సముద్రం

ఇప్పుడు సినిమా. దిబ్బ మీద రెండు గంటలు చెప్పాను, ఇక్కడ నాలుగు ముక్కల్లో చెప్తాను.

ఒక గ్రహం. అక్కడ సముద్రం కింద ఉండదు, పైన ఉంటుంది. మనకి మబ్బులున్న చోట వాళ్లకి అలలు. జనం కింద పొడినేల మీద బతుకుతారు. తలెత్తితే చేపల పొట్టలు కనిపిస్తాయి. ఎండ ఆ నీళ్లలోంచి దిగి వస్తుంది కాబట్టి వెలుగు ఒక్కచోట నిలవదు, ఇళ్ల మీద, మనుషుల మొహాల మీద వల విసిరినట్టు కదుల్తూ ఉంటుంది. అద్దాలు పెట్టుకుని చూస్తుంటే ఆ వల నా ఒళ్లో కూడా పడింది. నిజంగా చెయ్యి పెట్టి తుడుచుకున్నాను. చీకట్లో ఎవరూ చూడలేదనుకుంటా. భూమ్మీద నీళ్లయిపోయి మనవాళ్లు ఓడ వేసుకుని ఆ నీళ్లు తోడుకుపోవడానికి వస్తారు, అదీ కథ. కథ ఎవడిక్కావాలి? నేను ఆ నీళ్లే చూస్తున్నాను. పుట్టింది సముద్రం ఒడ్డున, మెట్టింది సముద్రం ఒడ్డున. నీటి అడుగు ఎలా ఉంటుందో మాత్రం ఆ రోజే చూశాను, అదీ తలకిందులుగా.

"ఒసే, పైన నీళ్లుంటే మరి వల ఎటు ఇసురుతారే?" అత్త గుసగుసగా అడిగింది. అత్త గుసగుస నాలుగు వరసలకి వినిపిస్తుంది.

"పైకే అత్తా."

"పైకి ఇసిరితే సేప పడతాదా, సముద్రమే పడతాదా?"

అత్తకి అవతలి సీటులో ఒక పెద్దాయన పకపకా నవ్వాడు. సాలూరులో లారీలు బాగుచేసే మేస్త్రీనని, ఈ సినిమా రెండోసారి చూస్తున్నానని సినిమా మొదలవకముందే మాకు చెప్పేశాడు. "ఉండమ్మా, ఇప్పుడొస్తాది సూడు అసలుది" అన్నాడు.

వచ్చింది. ఊరంత చేప. ఒళ్లంతా దీపాలు. ఆకాశం నుంచి ఊడి, ఆకు రాలినట్టు మెల్లగా, తెరలోంచి బయటికి, ముందు వరసల నెత్తి మీదుగా, నా ముక్కు మీదకి. హాలంతా ఒక్కసారి తల వంచింది. నేను వంచడమే కాదు, కెవ్వున అరిచి రెండు చేతులూ ముందుకి చాచాను. చేతికి మెత్తగా ఏదో తగిలింది. పట్టుకున్నాను. అది ముందు సీటావిడ కొప్పు.

ఆవిడకి క్షమాపణ చెప్పి తిరిగి చూద్దును కదా, హాలు మొత్తంలో తల నిటారుగా ఉన్నది ఒక్క మా అత్తకే.

"ఏటే, అందరూ ఎందుకు వొంగుతన్నారు?"

"మీదకొస్తోంది కదా అత్తా!"

"ఏది?"

అద్దాలు

నాకు అర్థమైపోయింది. అనుకున్నాను. పల్లెటూరివాళ్లం అని మాకు పాడైపోయిన అద్దాలు అంటగట్టారు!

వెంటనే అత్త అద్దాలు తీసి నేను పెట్టుకున్నాను, నావి అత్తకి పెట్టాను. అత్తవి నాకు బాగానే ఉన్నాయి. చేప మీదకొచ్చింది, మళ్లీ అరిచాను. నావి అత్తకి పనిచేయలేదు. అక్కవి లాగి పెట్టాను. లాభం లేదు. మేస్త్రీ పాపం తనవి ఇచ్చాడు. లాభం లేదు. నాలుగు జతలు నాలుగు మొహాల మీద తిరిగాయి, ఎవరివి ఎవరివో తెలియకుండా పోయాయి. ఇక ఊరుకుంటానా? వంగి వంగి వరసలోంచి బయటపడి, తలుపు దగ్గర అద్దాలిచ్చే అమ్మాయిని పట్టుకున్నాను.

"మా అత్తకి ఇచ్చినవి పాడైనవి. డబ్బులు తీసుకోలేదా? మమ్మల్ని చూసి ఇచ్చారా ఇవి?"

అమ్మాయి కొత్త జత ఇచ్చింది. నేను ఆగలేదు. ఇంకా రెండు మాటలు అన్నాను. "కూర్చోవమ్మా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. విజయంతో తిరిగి వచ్చి కొత్త జత అత్త ముక్కు మీద పెట్టాను.

"ఇప్పుడు?"

అత్త తెర వైపు చూసి, అద్దాలు ముక్కు మీద సర్దుకుంది.

అప్పుడు మేస్త్రీ నెమ్మదిగా వంగాడు. "అద్దాల్లో ఏటీ లేదు పెద్దమ్మా. ఈ సినిమావోడు ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ పంపిస్తాడు. రెండూ లోపల కలిస్తేనే మీదకొస్తాది. లారీకి రెండు లైట్లూ ఎలగాల కదా, అలగ. ఒక లైటుతో వచ్చిందనుకో, ఎదురోడు మోటారు సైకిలనుకుంటాడు." అత్త మొహంలోకి చూశాడు. "నీకు ఒక లైటు పోయిందా ఏటి?"

"నీ లారీ సూసుకో నువ్వు" అంది అత్త. "నాకు బాగానే కనపడతన్నాది. ఈ గుంటకి గోల ఎక్కువ." నా మణికట్టు పట్టుకుని సీట్లోకి లాగింది. "కూకో."

కూర్చున్నాను. ఆ తర్వాత సినిమాలో చాలా వచ్చాయి. ఓడ విరిగింది, ముక్కలు మా మీద పడ్డాయి. దీపాల చేపలు గుంపులుగా సీట్ల మధ్యలోంచి ఈదుకుంటూ పోయాయి. నాకు సగమే గుర్తుంది, ఎందుకంటే నేను పక్కకి చూస్తున్నాను.

అత్త తల వంచుతోంది. అందరూ వంచినప్పుడు వంచుతోంది. కాకపోతే, అందరూ వంచేశాక, ఒక్క క్షణం ఆగి. జనం "అమ్మో" అన్నాక "అమ్మో" అంటోంది. అందరూ లేచాక లేస్తోంది. పెళ్లిలో మంత్రం రానివాడు పక్కవాణ్ని చూసి పెదాలు కదిపినట్టు.

చివరి వరకూ అలాగే చేసింది. చెయ్యి మాత్రం నా మణికట్టు మీదే ఉంది.

సాయంత్రం అక్క ఇంట్లో బావ అడిగాడు, "ఎలాగున్నాది పిన్నీ సినిమా?"

"ఓలమ్మో, ఏటి సెప్పమంటావు! ఊరంత సేప, ముక్కు మీదికొచ్చీసినాది. గుండె ఆగిపోనాది" అంది అత్త. చేతులు చాచి చూపించింది. సరిగ్గా నేను చాచినట్టే. ముందు సీటావిడ కొప్పుతో సహా చెప్పింది. బావ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. అక్క నన్ను చూసింది. నేను గోడని చూశాను. నోరు ఉండీ మాట్లాడలేకపోవడం అంటే ఏమిటో నాకు అంతకుముందు తెలియదు.

తిరుగు బస్సు

మంగళవారం పొద్దున్న శ్రీకాకుళం బస్సు. అత్తకి కిటికీ పక్క సీటు, నేను ఎడమ పక్కన. ఈసారి ఆవిడ చెప్పకుండానే కూర్చున్నాను. కంటాసుపత్రి గురించి రాత్రంతా మాటలు తయారుచేసుకున్నాను. దేవుడితో మొదలుపెట్టి, గుజరాత్‌లో ఉన్న కొడుకు మీదుగా, కన్నీళ్లతో ముగించాలని. అత్త గొంతు విప్పేసరికి అన్నీ మర్చిపోయాను.

"నూకీ."

"ఆ, అత్తా."

"నిజం సెప్పు. ఆ సేప ఎంత దూరం వచ్చినాది?"

"ముక్కు దాకా."

"సెయ్యి సాపితే అందుతాదా?"

"అందుతుందనే చాపాను. కొప్పు అందింది."

అత్త నవ్వలేదు. కిటికీ బయట ఎండిన పొలాలు వెనక్కి పోతున్నాయి. అటే చూస్తూ అంది. "కుప్ప కూడా అలగే ఉంటాదే. పాట కాడ. పైన పరిసిన సేప అందరికీ కనపడతాది. కుప్ప ఎంత లోతున్నాదో అది సూడాల. ఇప్పుడు నాకు కుప్ప నేదు. నేల మీద పరిసిన సాపలాగున్నాది. ఇన్నాళ్లూ నాను బుట్ట సెవి పట్టుకుని ఊపి, బరువు సూసి పాడినాను. ఎవులికీ తెలీదు. తెలిస్తే ఒడ్డున నిలబడనిస్తారేటి? అప్పలమ్మకి కన్ను పోనాదంట అని ఒక్కతి అంటే సాలు, మర్నాటికి అడుగున ఏటీ నేని కుప్ప నా నెత్తినెడతారు."

నేను ఏమీ అనలేదు. నేను ఏమీ అనని సందర్భం కాబట్టి రాసిపెడుతున్నాను.

"ఆపరేసన్ అంటే కన్నుకి గుడ్డ కడతారు కదా. గుడ్డ కట్టుకుని ఊళ్లో తిరిగితే అందరికీ తెలిసిపోదేటి? అందుకే వద్దన్నాను. భయం కాదు."

"వేట మొదలవడానికి ఇంకా మూడు వారాలుంది అత్తా. ఈలోపు గుడ్డ విప్పేస్తారు. ఒడ్డున ఎవరూ ఉండరు ఇప్పుడు."

"దిబ్బ మీద ఉంటారు కదా. నువ్వుంటావు కదా కతలు సెప్పడానికి."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. టీ గ్లాసు కథ ఆవిడకి ఎప్పుడో చేరిందని అప్పుడు తెలిసింది. నేను తల వంచాను. ఈసారి మీదకి ఏ చేపా రాలేదు.

"చెప్పనత్తా."

"సెప్పకుండా ఉండగలవా నువ్వు?"

"చచ్చిపోతాను. కానీ చెప్పను."

అత్త ఆలోచించింది. తర్వాత ముందు సీటు కమ్మీ పట్టుకుని లేచింది. "కండక్టరు బాబూ, కంటాసుపత్రి కాడ ఆపీ."

నా పథకంలో ఆపమని అడగాల్సింది నేను. బస్సు ఆగేసరికి ఆవిడ దిగిపోయింది, సంచులన్నీ నా మీద వదిలేసి.

శ్రీకాకుళం: ఎవరు కనిపిస్తున్నారు?

చీటీ రాసే బల్ల దగ్గర "ఎన్నాళ్ల నుంచి మసక?" అని అడిగారు. నాకు అలవాటు కదా, నేనే అందుకున్నాను. "ఓ ఆరునెలల నుంచండి, కొంచెం..."

"నువ్వు ఊరుకో" అంది అత్త. "మసక కాదు బాబూ. మూడేళ్లయిపోనాది. ఎలుగు తెలుస్తాది, మనిసి తెలీదు."

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి మూడేళ్లు నిండలేదు. ఒకే గదిలో పడుకుంటాం, ఒకే గిన్నెలో తింటాం. సినిమాలో హీరోయిన్ ఏ పాటకి ఏ రంగు చీర కట్టిందో దిబ్బ మీద పాతికమందికి పొల్లుపోకుండా చెప్పేదాన్ని నేను.

"మూడేళ్లా?" అన్నాను.

"మీ పెళ్లిలో కూడా ఒక్క కంటితోనే సూసినాను నిన్ను" అంది అత్త. "రెండో కంటితో సూసుంటే ఒద్దందునేమో."

చీటీ రాసేవాడు కలం ఆపి నవ్వాడు. నేనూ నవ్వాను, ముక్కు తుడుచుకుంటూ.

లోపల డాక్టరమ్మ చిన్న వయసుది. అత్తని కుర్చీలో కూర్చోబెట్టి, కుడికన్ను అరచేత్తో మూయమంది. తన చెయ్యి ఎత్తి, "ఎన్ని వేళ్లు?" అంది. అత్త జవాబు చెప్పలేదు. డాక్టరమ్మ ఇంకా దగ్గరికి జరిగి మళ్లీ అడిగింది. "ఏ ఏళ్లమ్మా?" అంది అత్త. అప్పుడు డాక్టరమ్మ నాకు సైగ చేసింది, ముందుకొచ్చి నిలబడమని, మాట్లాడొద్దని. అత్త మోకాళ్లకి నా మోకాళ్లు తగిలేంత దగ్గరగా నిలబడ్డాను. పొర పట్టిన ఆ తెల్లటి కన్ను సూటిగా నా మొహంలోకే చూస్తోంది. నేను పెదాలు బిగబట్టాను.

"ఇప్పుడు మీ ముందు ఎవరైనా ఉన్నారా? ఎవరో తెలుస్తోందా?"

అత్త చాలాసేపు చూసింది.

"కనపడతా నేదమ్మా" అంది. "కానీ నా కోడలే. ఇంతసేపు నోరు మూసుకోలేక ఊపిరి ఎగపీలుస్తన్నాది సూడు."

శుక్రవారం ఆపరేషన్‌కి రమ్మని రాసిచ్చారు.